ఎండ మీద వేసిన నింద

ధౌలా కువాన్ అంటే తెల్లని బావి. ఇప్పుడది ఢిల్లీలో ఫ్లైఓవర్లు మెలికలు తిరిగే ఒక పెద్ద కూడలి పేరు. తెలుగువాళ్ళకు ఈ చోటు కొత్తది కాదు. తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో స్థాపించిన శ్రీ వేంకటేశ్వర కళాశాల ఇక్కడే ఉంది. దగ్గరలోని మెట్రో స్టేషన్‌కు దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు పెట్టారు. కూడలి పక్కనున్న పార్కులో ఆ పాత బావి ఇంకా ఉంది. ఆ పార్కును ఝీల్ పార్క్ అంటారు, అంటే చెరువు పేరు మీద వెలసిన తోట. ఇక్కడి నుంచి కొద్ది కిలోమీటర్లు వెళ్తే హౌజ్ ఖాస్ వస్తుంది, ఆ మాటకు రాజుల కోనేరని అర్థం. ఇన్ని ఊరిపేర్లలో నీళ్ళు నిలిచిన ఈ ప్రాంతంలో ఏటా హోలీ దాటి ఎండ ముదిరేసరికి చెరువుల రంగు మారిపోతుంది. మొదట లేత పసరు రంగు, తర్వాత రంగు డబ్బా ఒలికినట్టు చిక్కటి ఆకుపచ్చ, గాలి వాలు ఒడ్డున మీగడలా తేలే తెట్టె, దాని వెనకే కుళ్ళు వాసన. ఎవరినడిగినా ఒకటే జవాబు: ఎండలకు నాచు పట్టింది, వానలు పడితే పోతుందిలే. ఈ జవాబులో సగం నిజముంది. ఆ సగం నిజం వల్లే ముప్పై, నలభై ఏళ్ళుగా మనం తప్పుడు చికిత్సలు చేస్తున్నామని నా వాదన. ఎండ నాచును పెంచుతుంది గాని పుట్టించదు. పుట్టించేది మనం చెరువులోకి పంపుతున్న నీరు, అందులోనూ మురుగును శుద్ధి చేశామని ధైర్యంగా పంపుతున్న నీరు.

ముందు ఆ పచ్చదనం ఏమిటో చూద్దాం. చెరువు మీద ఆకుపచ్చగా కనిపించేదంతా నాచు కాదు. గుర్రపుడెక్క, అంతరతామర వంటివి వేళ్ళూ ఆకులూ ఉన్న మొక్కలు. గ్లాసులోకి నీళ్ళు ముంచితే ఆ మొక్కలు విడిగా తేలతాయి, నీరు మామూలుగానే ఉంటుంది. నాచు విజృంభించిన చెరువులో అయితే నీరే పచ్చగా ఉంటుంది, ఎందుకంటే ప్రతి చుక్కలోనూ కంటికి కనిపించని కణాలు వేలకు వేలు ఉంటాయి. వీటిలో నిజమైన శైవలాలు కొన్ని. మనల్ని ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి మాత్రం నీలి ఆకుపచ్చ నాచు అని పిలిచే సయనోబ్యాక్టీరియా. పేరుకు నాచే అయినా అవి బ్యాక్టీరియా జాతివి, భూమి మీది గాలికి మొట్టమొదట ప్రాణవాయువును ఇచ్చిన పురాతన జీవులు. వాటిలో మైక్రోసిస్టిస్ అనే రకం మన ఉష్ణదేశపు చెరువుల్లో బాగా కనిపిస్తుంది. దాని కణాల్లో సూక్ష్మమైన గాలి బుడగలుంటాయి. వాటి సాయంతో పగటిపూట వెలుగు కోసం పైకి తేలగలదు, బరువెక్కినప్పుడు కిందికి దిగి అక్కడి పోషకాలు అందుకోగలదు. పైన పరుచుకున్నాక కింద ఉన్న ఇతర శైవలాలకు వెలుతురు అందనివ్వదు. నీటి వేడి 25 డిగ్రీలు దాటాక మిగతా వాటికన్నా ఇది చురుగ్గా పెరుగుతుంది.

ఇక్కడే ఋతువు ప్రమేయం వస్తుంది. ఢిల్లీలో జనవరి రాత్రులు 7, 8 డిగ్రీలకు పడిపోతాయి. చల్లని నీటిలో నాచు ఉన్నా నెమ్మదిగా ఉంటుంది. మార్చి తర్వాత పగలు పొడుగవుతుంది, పైపొర నీరు వేడెక్కి తేలికవుతుంది, కింది పొర చల్లగా బరువుగా ఉండిపోతుంది. గాలి ఆడని రోజుల్లో ఈ రెండూ కలవవు. అడుగున చచ్చిన నాచు, ఆకులు, బురద కుళ్ళుతూ అక్కడున్న ప్రాణవాయువునంతా వాడేస్తాయి. అప్పుడు జరిగే రసాయనిక మార్పు సామాన్యుడికి కనిపించదు గాని ఈ కథలో దాని పాత్ర చాలా పెద్దది. ప్రాణవాయువు ఉన్నంతకాలం అడుగు మట్టిలోని ఇనుము భాస్వరాన్ని గట్టిగా పట్టుకుని ఉంచుతుంది. ప్రాణవాయువు పోగానే ఆ పట్టు సడలి భాస్వరం మళ్ళీ నీటిలోకి వస్తుంది. అంటే పోయిన ఏడాది నాచు కుళ్ళి అడుగున దాచిన ఎరువే ఈ ఏడాది నాచుకు అందుతుంది. రాత్రిపూట వెలుతురు లేక నాచు ప్రాణవాయువును తయారు చేయదు, పైగా పీల్చుకుంటుంది. తెల్లవారుజామున నీటిలో ఊపిరి దాదాపు లేని స్థితి వచ్చి చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి తేలతాయి. తొలకరి పెద్దగా పడినప్పుడు అడుగు నీరు ఒక్కసారిగా పైకి కలిసి, మర్నాటికి ఒడ్డంతా చచ్చిన చేపలు కనిపించడానికీ కారణం ఇదే. వానలు నీటిని పల్చన చేసి కొంతకాలం రంగు తగ్గించవచ్చు. సెప్టెంబరు, అక్టోబరులో నీరు మళ్ళీ నిలకడపడి ఎండ కాస్తే రెండో విడత మొదలవుతుంది.

ఇంత చదివాక ఎండే అసలు కారణమని ఎవరైనా అంటే తప్పుపట్టలేం. అందుకే ఒక ప్రయోగం గురించి చెప్పాలి. కెనడాలో ఒంటారియో రాష్ట్రపు అడవుల్లో కొన్ని సరస్సులను శాస్త్రపరిశోధనకే కేటాయించారు. అక్కడ డేవిడ్ షిండ్లర్ అనే శాస్త్రవేత్త బృందం 1973లో 226వ నంబరు సరస్సును మధ్యలో ఒక తెరతో రెండు భాగాలు చేసింది. ఒక భాగంలో కార్బన్, నత్రజని కలిపారు. రెండో భాగంలో ఆ రెండింటితోపాటు భాస్వరం కూడా కలిపారు. కొద్ది వారాలకే భాస్వరం పడ్డ సగం చిక్కటి ఆకుపచ్చ అయింది, పడని సగం తేటగానే ఉంది. పై నుంచి తీసిన ఆ ఫొటో ప్రపంచమంతా ప్రసిద్ధి చెందింది. అది శీతాకాలమంతా మంచు గడ్డకట్టే దేశం. తెరకు ఇటూ అటూ ఉన్నది ఒకే ఎండ, ఒకే గాలి, ఒకే వాన. తేడా భాస్వరం ఒక్కటే. మన దగ్గర ప్రయోగం ఎవరూ పెట్టకపోయినా అటువంటి పోలిక హైదరాబాదులో ఉంది. హుస్సేన్‌సాగర్ మీద, గండిపేట మీద కాసేది ఒకే ఎండ. 1920లో కట్టిన గండిపేట చెరువు ఇప్పటికీ తాగునీరిస్తోంది. 1562 ప్రాంతంలో ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో తవ్విన హుస్సేన్‌సాగర్ కూడా ఒకప్పుడు తాగునీటి చెరువే, ఈనాడు దాని నీళ్ళు ఎవరూ తాగే స్థితిలో లేవు. గండిపేట పరీవాహకాన్ని, అక్కడి కట్టడాల మీద ఆంక్షలు పెట్టిన 1996 నాటి 111వ జీవో కాపాడింది. హుస్సేన్‌సాగర్‌లోకి కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు ఊరి మురుగును మోసుకొచ్చాయి. ఆ 111 జీవో ఆంక్షలను ఎత్తివేస్తూ 2022లో నిర్ణయం వెలువడిందన్నది ఆందోళన కలిగించే విషయం, ఎందుకంటే గండిపేట తేటదనానికి మూలం అక్కడి వాతావరణం కాదు, పైన ఇళ్ళూ కర్మాగారాలూ ఎక్కువగా లేకపోవడం.

భాస్వరానికి ఇంత శక్తి ఎక్కడిది? నాచు శరీరంలో ఒక భాస్వరం పరమాణువుకు సుమారు 16 నత్రజని, 106 కార్బన్ పరమాణువులుంటాయి. కార్బన్ గాలిలో కావలసినంత ఉంది. నత్రజనిని కూడా కొన్ని నీలి ఆకుపచ్చ నాచు రకాలు గాలి నుంచే పట్టుకోగలవు, మన వరిచేలల్లో అజొల్లాను పెంచేది దాని ఆకుల్లో ఉండే అటువంటి నాచు కోసమే. భాస్వరం గాలిలో దొరకదు, రాతిలోంచో మురుగులోంచో రావలసిందే. లెక్క వేస్తే ఒక గ్రాము భాస్వరం 100 గ్రాములకు పైగా ఎండు నాచును పెంచగలదు. మనిషి శరీరం నుంచి రోజుకు గ్రాముకు అటూఇటూగా భాస్వరం బయటికి పోతుంది, బట్టల సబ్బు పొడుల నుంచి ఇంకొంత కలుస్తుంది. నత్రజనిని పట్టించుకోనక్కర్లేదా అని శాస్త్రజ్ఞుల్లోనే గట్టి వాదం ఉంది. లోతు తక్కువ, వేడి ఎక్కువ ఉన్న చెరువుల్లో రెండింటినీ తగ్గించాలన్న వారి మాట బలమైనదే, మైక్రోసిస్టిస్‌కు గాలి నత్రజనిని పట్టే శక్తి లేదు కాబట్టి మరీను. కాని ఒకటి ముందు మొదలుపెట్టాలంటే భాస్వరంతోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే దానికి గాలిలోంచి దొడ్డిదారి లేదు.

ఇప్పుడు హౌజ్ ఖాస్‌కు వద్దాం. అల్లావుద్దీన్ ఖిల్జీ తన సిరి కోటకు నీటి కోసం ఈ కోనేరును తవ్వించాడు. పూడిపోయిన దాన్ని పద్నాలుగో శతాబ్దంలో ఫిరోజ్ షా తుగ్లక్ బాగుచేయించి ఒడ్డున మదర్సా కట్టించాడు, ఆయన సమాధి కూడా అక్కడే ఉంది. అప్పుడది వాననీటితో నిండేది. పోయిన శతాబ్దంలో చుట్టూ ఊరు పెరిగి వాననీరొచ్చే దారులు మూసుకుపోయి ఎండిపోయింది. 2000 తర్వాత ఇన్‌టాక్ సంస్థ పూనికతో, వసంత్ కుంజ్ శుద్ధి కేంద్రం నుంచి వచ్చే శుద్ధి చేసిన మురుగునీటితో దాన్ని మళ్ళీ నింపారు. ఎండిన చెరువుకు ప్రాణం పోసిన ఆ పని నిస్సందేహంగా మంచిదే. పక్షులు తిరిగొచ్చాయి, జనం ఒడ్డున కూర్చోవడం మొదలుపెట్టారు. దాంతోపాటు ఆకుపచ్చదనమూ వచ్చి పోకుండా నిలిచింది.

కారణం ఉప్పుమడి ఎరిగినవారికి తేలిగ్గా అర్థమవుతుంది. చినగంజాంలోనో నౌపడలోనో సముద్రపు నీటిని మడిలోకి తోడతారు, ఎండ నీటిని తీసుకుపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. మళ్ళీ నీరు తోడతారు, ఉప్పు ఇంకా పెరుగుతుంది. బయటికి పోయే దారి లేకుండా శుద్ధిచేసిన మురుగుతో నింపే చెరువు అచ్చంగా భాస్వరపు మడి. మే, జూన్ ఎండల్లో నీటిమట్టం తగ్గుతుంది, తగ్గినంతా మళ్ళీ పోస్తారు, ప్రతిసారీ కొంత భాస్వరం చేరుతుంది. నీరు భూమిలోకి ఇంకినా భాస్వరంలో అధికభాగం అడుగు మట్టిని పట్టుకుని ఉండిపోతుంది. మన పల్లె చెరువులకు అలుగు ఉండేది. మంచి వానాకాలంలో చెరువు అలుగు పారి పాత నీరు కొట్టుకుపోయేది. వేసవిలో రైతులు పూడిక మట్టిని బండ్ల మీద పొలాలకు తోలుకునేవారు. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ ఆ మట్టి తోలకాన్ని మళ్ళీ పెద్దఎత్తున నడిపించింది. పొలంలోంచి చెరువుకు చేరిన భాస్వరం తిరిగి పొలానికే వెళ్ళే ఏర్పాటు అది. అలుగూ లేక, మట్టి తోలకమూ లేక, ఏడాది పొడవునా మురుగునీరే ఆధారమైన నగర చెరువులో ఆ చక్రం రెండు చోట్ల తెగిపోయింది.

అయినా ఆ నీటిని శుద్ధి చేసే కదా పోస్తున్నారు అని అడగవచ్చు. నా వాదనకు కీలకం ఈ ప్రశ్నే. మురుగు శుద్ధిలో మనం ప్రధానంగా కొలిచేది బీఓడీ, అంటే నీటిలోని కుళ్ళే పదార్థం తాను కుళ్ళడానికి ఎంత ప్రాణవాయువు తినేస్తుందో చెప్పే అంకె. అది తగ్గితే నీటికి వాసన పోతుంది, రంగు తేరుతుంది. కాని కుళ్ళే పదార్థాన్ని బ్యాక్టీరియా తినేసినా అందులోని భాస్వరం చాలావరకు నీటిలో కరిగే ఉంటుంది, అదీ మొక్కకు తేలిగ్గా అందే రూపంలో. గాజు గ్లాసులో తేటగా కనిపించే ఆ నీరు చెరువుకు మాత్రం ద్రవరూపంలోని ఎరువు. కేంద్ర పర్యావరణ శాఖ 2017 అక్టోబరులో ప్రకటించిన మురుగు శుద్ధి ప్రమాణాల్లో ఆమ్లత్వం, బీఓడీ, తేలే మలినాలు, మలసంబంధ బ్యాక్టీరియా ఉన్నాయి గాని నత్రజనికీ భాస్వరానికీ హద్దు లేదు. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 ఏప్రిల్ 30న ఇచ్చిన ఉత్తర్వులో ఈ లోటును గుర్తించి, చెరువుల్లోకి వదిలే నీటిలో మొత్తం భాస్వరం లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదంది. అది ముందడుగే, కాని ఆ అంకెను చెరువు వైపు నుంచి చూడండి. ఓఈసీడీ దేశాల శాస్త్రజ్ఞులు 1982లో వందలాది కొలతలు పరిశీలించి, నీటిలో మొత్తం భాస్వరం లీటరుకు 35 మైక్రోగ్రాములు దాటితే ఆ సరస్సు పోషకాలు ఎక్కువైనదనీ, 100 దాటితే మితిమీరినదనీ వర్గీకరించారు. మన కఠినమైన ప్రమాణం 1 మిల్లీగ్రాము అంటే 1000 మైక్రోగ్రాములు. ప్రమాణాన్ని అక్షరాలా పాటించినా చెరువులో పోసే నీరు మితిమీరిన హద్దుకు పదింతలు. రోజుకు 10 లక్షల లీటర్లు పోస్తే ఒక కిలో భాస్వరం పోసినట్టు, అందులోంచి 100 కిలోలకు పైగా ఎండు నాచు పెరగగలదు. శుద్ధి కేంద్రం తన పరీక్షలో నెగ్గినా చెరువు ఓడిపోతుందని నేననేది అందుకే.

పచ్చని నీరు చేపకు మంచిదే కదా అని పశ్చిమ గోదావరి, కృష్ణా జిల్లాల చేపల రైతులు అడిగితే అందులోనూ న్యాయం ఉంది. వాళ్ళు చెరువులో పేడ, సూపర్ ఫాస్ఫేట్ వేసి కావాలనే ప్లాంక్టన్ పెంచుతారు. కాని ఆ రైతు రోజూ తెల్లవారకముందే గట్టు మీదికి వస్తాడు. రంగు ముదిరితే నీరు మారుస్తాడు, చేప తేలితే ఏరేటర్ వేస్తాడు, పంట పట్టాక చెరువు ఎండగడతాడు. అతనికి కావలసింది చేప తినగలిగే శైవలాలు. ముద్దలుగా పేరుకునే మైక్రోసిస్టిస్‌ను అతనూ శత్రువుగానే చూస్తాడు. నగర చెరువుకు గట్టు మీద అలా కాపలా ఉండే మనిషి లేడు. పైగా మైక్రోసిస్టిస్‌లోని కొన్ని రకాలు కాలేయాన్ని దెబ్బతీసే విషాన్ని తయారు చేస్తాయి. అమెరికాలో ఈరీ సరస్సు ఒడ్డునున్న టొలీడో నగరంలో 2014 ఆగస్టులో ఆ విషం కుళాయి నీటిలోకి రావడంతో దాదాపు మూడు రోజులు నాలుగైదు లక్షల మంది నీరు తాగలేకపోయారు. మరిగిస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు, ఈ విషం మరిగినా చెడదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. బ్రెజిల్‌లోని కరువారు పట్టణంలో 1996లో ఇటువంటి నీటితో డయాలసిస్ చేయగా 50 మందికి పైగా రోగులు చనిపోయారు. ఒడ్డున పచ్చని తెట్టెలో కుక్కను దింపకూడదు, పశువును తాగనివ్వకూడదు, పిల్లల్ని ఆడనివ్వకూడదు.

భూతాపం గురించి ఒక మాట. వేడి పెరిగితే నాచు కాలం పొడుగవుతుందనడంలో సందేహం లేదు. కాని వేడిని తగ్గించడం ఒక నగరపాలక సంస్థ చేతిలో లేదు, మురుగులోని భాస్వరాన్ని తగ్గించడం ఉంది. ఎండ మీద నింద వేసినంతకాలం ఎవరూ ఏమీ చేయనక్కర్లేదన్న భావన మిగులుతుంది. హైదరాబాదులో ఇంకో రకం నింద వినిపిస్తుంది, గణేశ్ నిమజ్జనమే హుస్సేన్‌సాగర్ పచ్చదనానికి మూలమని. విగ్రహాల రంగుల్లోని లోహాలు, ప్లాస్టర్ పూడిక నిజమైన సమస్యలే, వాటిని విడిగా ఎదుర్కోవాలి. ఈ నాచుకు ఏడాది పొడవునా తిండి పెట్టేవి మాత్రం నాలాలు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఎ.ఆర్. జఫర్ హుస్సేన్‌సాగర్ నీటి స్థితి మీద, హైదరాబాదు చేపల చెరువుల నాచు మీద 1960ల్లోనే పరిశోధన పత్రాలు ప్రచురించారు. తెలియక చేశామని చెప్పుకోవడానికి మనకు వీలు లేదు.

తెలిసీ మనం చేసేవి ఎక్కువగా పైపూతలు. పడవలో తిరిగి తెట్టె తీయడం, ఫౌంటెన్లు పెట్టడం, ఎంజైముల సీసాలు ఒలకబోయడం. ఫౌంటెన్ వల్ల చేపకు ఊపిరి అందుతుంది, అంతవరకు మేలే. చెరువులోని మురికిని తినేసి శుభ్రం చేస్తాయంటూ అమ్మే సూక్ష్మజీవుల మందుల విషయంలో మాత్రం ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. భాస్వరం మూలకం. ఏ సూక్ష్మజీవీ దాన్ని మాయం చేయలేదు, ఒక శరీరంలోంచి ఇంకో శరీరంలోకి మార్చగలదంతే. హౌజ్ ఖాస్‌లోనూ హైదరాబాదు నెక్నాంపూర్ చెరువులోనూ పెట్టిన తేలే మొక్కల దీవులు వీటికన్నా నయం, ఎందుకంటే మొక్క భాస్వరాన్ని తన ఒంట్లోకి తీసుకుంటుంది. కాని ఆ మొక్కను కోసి ఒడ్డుకు చేర్చినప్పుడే ఫలితం. కోయకపోతే అది చెరువులోనే కుళ్ళి తీసుకున్నదంతా తిరిగిచ్చేస్తుంది. రోజుకో కిలో వస్తున్నచోట నెలకొకసారి కోసిన మొక్కలు ఎంత తీసుకెళ్తాయో లెక్క చూడకుండా దీవుల సంఖ్య ప్రకటించడంలో ప్రయోజనం లేదు.

శుద్ధి నీరు వద్దంటే చెరువు ఎండిపోదా అన్నది చివరి అభ్యంతరం, అన్నిటికన్నా బరువైనది. ధౌలా కువాన్ నుంచి గురుగ్రామ్ దారిలోని రజోకరీ చెరువు సహా ఢిల్లీలో ఎన్నో చెరువుల పునరుద్ధరణ ఈ నీటి మీదే ఆధారపడి ఉంది. నేను వద్దనడం లేదు. ఆ నీటిని చెరువుకు తగినట్టు తయారు చేయమంటున్నాను. పటికనో ఇనుప లవణాన్నో కలిపి భాస్వరాన్ని బురదగా దింపే పద్ధతి చాలా పాతది, ప్రపంచమంతా వాడుకలో ఉన్నది. ఆ తర్వాత రెల్లుగడ్డి పెంచిన మడుగుల గుండా నీటిని నెమ్మదిగా పారించి, ఆ గడ్డిని క్రమం తప్పకుండా కోయాలి. వాననీరు మళ్ళీ చెరువుకు చేరే దారి తెరవాలి, వానాకాలంలో పాత నీరు బయటికి పోయే అలుగు ఒకటి ఉండాలి. ఖర్చు అవుతుంది, నిజమే. కాని మన దేశం ఎరువుల కోసం ఫాస్ఫేట్ రాయిని చాలావరకు విదేశాల నుంచే తెచ్చుకుంటోంది. విశాఖ రేవుకు ఓడల్లో వస్తున్న అదే మూలకాన్ని మనం ఢిల్లీలో చెరువు అడుగున పూడ్చిపెడుతున్నాం. శుద్ధి కేంద్రంలోనే దాన్ని పట్టుకుంటే మళ్ళీ పొలానికి పంపే అవకాశమైనా ఉంటుంది. చెరువు అడుగున లోహాలతో కలిసిపోయాక ఆ మట్టిని పొలానికి తోలే వీలు కూడా పోతుంది, హుస్సేన్‌సాగర్ పూడికతో వచ్చిన చిక్కు అదే.

ఇవన్నీ చేస్తే చెరువు నిజంగా తేరుకుంటుందా? అమెరికాలోని సియాటిల్ నగరంలో వాషింగ్టన్ సరస్సులోకి 1950ల్లో శుద్ధి కేంద్రాల నీరు పడేది. కుళ్ళు తగ్గించి వదిలినదే, మన వసంత్ కుంజ్ నీటికి దగ్గరి బంధువు. 1955లో అందులో నీలి ఆకుపచ్చ నాచు కనిపించగానే డబ్ల్యు.టి. ఎడ్మండ్‌సన్ అనే శాస్త్రజ్ఞుడు రాబోయేదేమిటో ముందే హెచ్చరించాడు. పౌరులు ఓటు వేసి డబ్బు సమకూర్చుకుని, 1963 నుంచి 1968 వరకు ఆ నీటినంతా సరస్సుకు రాకుండా మళ్ళించారు. కొద్ది ఏళ్ళలోనే భాస్వరం పడిపోయింది, నాచు తగ్గింది, నీరు తేటపడింది. ఆ సరస్సు లోతైనది, నీరు పారిపోయే దారి ఉన్నది, మన చెరువులు అంత త్వరగా తేరుకోవు. అడుగున దాచుకున్నది బయటికి వచ్చినంతకాలం అవి ఇంకొన్ని వేసవులు పచ్చగానే ఉంటాయి. స్వీడన్‌లో ట్రుమ్మెన్ అనే లోతులేని సరస్సుకు మురుగు ఆపినా ఫలితం రాక, 1970, 71లలో అడుగు బురదను తోడాకే నీరు బాగుపడింది. హౌజ్ ఖాస్‌కు కూడా ఆ రెండు పనులూ, అదే వరసలో, కావాలి. ముందు వచ్చే నీటిలోని భాస్వరం తగ్గించాలి, తర్వాత అడుగు తీయాలి. వరస తప్పి ముందు పూడిక తీస్తే రెండు, మూడు వేసవుల్లో కొత్త పూడిక అదే ఎరువుతో తయారవుతుంది. చెరువు గట్టు మీద పెట్టే బోర్డు మీద బీఓడీ అంకె పక్కన మొత్తం భాస్వరం అంకె నెలనెలా రాసి పెడితే, అక్కడికొచ్చే ఎవరైనా మార్చి నెలలోనే మే నెల రంగును చెప్పగలుగుతారు.